ఇంటి డేకేర్‌లో తొమ్మిది మంది పిల్లలు, చేతిలో రెండు వేలు: సంక్రాంతికి ఏమివ్వాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నిజాంపేటలో మీ ఫ్లాట్‌లోనే డేకేర్ నడుపుతున్నారు. పది నెలల పాప మొదలుకుని ఆరేళ్ల బాబు దాకా తొమ్మిది మంది. సంక్రాంతికి అందరూ ఊళ్లకి వెళ్లేలోపు తలా ఒక కానుక ఇవ్వాలని ఉంది కానీ రెండు వేలు దాటితే కష్టం. కిందటేడాది చాక్లెట్ డబ్బాలిస్తే ఇద్దరు తల్లులు మొహం మాడ్చుకున్నారు. పైగా ఒక పాప వాళ్లు క్రైస్తవులు, ఒక బాబు వాళ్లు ముస్లింలు, సంక్రాంతి కానుక అంటే ఏమనుకుంటారో అని కూడా టెన్షన్. ఇంతేగా?

నేను ఏ.ఎస్.రావు నగర్‌లో పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఈ కానుకల విషయంలో చేయగలిగిన తప్పులన్నీ చేసేశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు ఒక మాట. బజారుకి ఇప్పుడే వెళ్లకండి. ఒక వారం పాటు చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకుని, ఏ పిల్లాడు దేని దగ్గర ఎక్కువసేపు కూర్చుంటున్నాడో, దేనికోసం పక్కవాడి జుట్టు పీకుతున్నాడో రాయండి. రోజుకి తొమ్మిది గంటలు ఆ పిల్లలు మీ కళ్ల ముందే ఉంటారు. వాళ్ల మేనత్తకీ మేనమామకీ తెలియని సంగతి మీకు తెలుసు. మా దగ్గర ఒక బుడ్డోడు ఉండేవాడు. వాళ్లింట్లో రిమోట్ కార్లు, కూర్చుని నడిపే జీపు, అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం నా పోపుల పెట్టెలోని చిన్న గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి తీయడమే వాడి పని. నలభై నిమిషాలు కదిలేవాడు కాదు. ఆ ఏడాది పండక్కి వాడికి సైజువారీగా నాలుగు స్టీలు గిన్నెలూ ఒక మూత డబ్బా ఇచ్చాను. వాళ్లమ్మ సంచీ విప్పి చూసి మర్యాదకి నవ్వి ఊరుకుంది. పండగయ్యాక వచ్చి, "ఆంటీ, అమలాపురం దాకా బస్సులో వాటితోనే ఆడాడు, ఫోన్ అడగలేదు" అంది. కొట్టువాడు వయసు అడిగి బొమ్మ తీసిస్తాడు, అంతకు మించి వాడికి తెలిసే వీలు లేదు. మీకు పిల్లాడే తెలుసు. తక్కువ డబ్బుతో మంచి కానుక ఇవ్వగలగడానికి మీకున్న వెసులుబాటు అదొక్కటే, దాన్ని పూర్తిగా వాడుకోండి.

ఇప్పుడు నా మొదటి ఏడాది కథ. బేగంబజార్ వెళ్లి, హోల్‌సేల్‌లో చవగ్గా వస్తున్నాయని, లైట్లు వెలుగుతూ పాట పాడే కార్లు పదకొండు తెచ్చాను. అందరికీ ఒకేలాంటివి కదా, గొడవ ఉండదు అనుకున్నాను. ఇచ్చిన రోజే మధ్యాహ్నం, పిల్లలు పడుకున్నాక చాప ఎత్తుతుంటే కింద రెండు గుండీ బ్యాటరీలు (బటన్ సెల్స్) దొరికాయి. ఒక కారు అడుగున మూత ఊడిపోయి ఉంది. ఆ కారుకి ఎన్ని బ్యాటరీలు ఉండాలో నాకు తెలియదు. ఇంకో కారు స్క్రూ విప్పి లెక్కపెట్టేదాకా నాకు ఊపిరి ఆడలేదు. రెండే. గుండీ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుందని ఆ సాయంత్రం పిల్లల డాక్టరు చెబితే కాళ్లు వణికాయి. మింగినట్టు అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలన్నారు. పదకొండు కార్లూ ఆ రోజే వెనక్కి తీసుకున్నాను, పిల్లలు ఏడ్చారు, ఏడవనిచ్చాను. అప్పటి నుంచి మా ఇంట్లో గుండీ బ్యాటరీ ఉన్న బొమ్మకి ప్రవేశం లేదు. లైటు బొంగరాలు, పాడే గ్రీటింగ్ కార్డులు, మెరిసే చెప్పులు, అన్నిటికీ అదే రూలు.

దాంతోపాటు వద్దనుకున్న ఇంకొన్ని: చిన్న అయస్కాంతాలు (రెండు మింగితే పేగులు మధ్యలో నొక్కుకుపోతాయి), నీళ్లలో వేస్తే ఉబ్బే జెల్లీ పూసలు, బెలూన్లు. బెలూన్ అనగానే అందరూ నన్ను చాదస్తపు మనిషిలా చూస్తారు. పగిలిన బెలూన్ ముక్క గొంతుకి అతుక్కుంటే తీయడం ఎంత కష్టమో తెలిస్తే అలా చూడరు. గాలిపటాలు కూడా నేను ఇవ్వను. పటం మంచిదే, దాని వెనకాల మాంజా వస్తుంది. చైనా మాంజాని 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా నిషేధించినా జనవరి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంది.

కొనే బొమ్మల విషయంలో ఒక చట్టం సంగతి మీకు ఉపయోగపడుతుంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఆ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు వస్తుంది. పేరు రాలేదంటే, లేదా డబ్బా మీద పేరు ఒకటీ యాప్‌లో పేరు ఇంకొకటీ ఉంటే, తిరిగి షెల్ఫులో పెట్టేయండి. హోల్‌సేల్ కొట్లలో కట్టలుగా వేలాడదీసే వాటిలో చాలావాటికి ఈ మార్కే కనపడదు, చవక అందుకే. ముఖ్యంగా రంగు పెచ్చులూడే బొమ్మలు వద్దు, రంగులో సీసం ఉంటే అది పిల్లల మెదడు మీద పడుతుంది.

మార్కున్నా మీ పిల్లలకి సరిపోతుందో లేదో మీరే చూడాలి. బొమ్మల పరీక్షలో చిన్న ముక్కల కోసం ఒక గొట్టం వాడతారు, దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, కాబట్టి దానికంటే కాస్త పెద్దది. ఇంట్లో అయితే టాయిలెట్ టిష్యూ రోల్ లోపలి అట్టగొట్టం చాలు. అది ఇంకొంచెం వెడల్పుగా ఉంటుంది కాబట్టి మనకే మంచిది. బొమ్మగానీ దాన్నుంచి ఊడే ముక్కగానీ ఆ గొట్టంలో పట్టేస్తే మూడేళ్లలోపు పిల్లలకి ఇవ్వకండి. మూడేళ్లు అని వయసు మాత్రమే లెక్కపెట్టకండి. నాలుగేళ్లొచ్చినా చేతికందింది నోట్లో పెట్టుకునే పిల్లలుంటారు, వాళ్లని చిన్నవాళ్ల లెక్కలోనే ఉంచండి. ఎవరు అలాంటివాళ్లో వాళ్లమ్మ కంటే మీకే బాగా తెలుసు.

ఇంకో సంగతి: ఇంట్లో పెద్ద పిల్లాడికిచ్చింది చిన్నవాడి చేతిలోకి వెళ్తుంది. మీ ఆరేళ్ల బాబుకి తమ్ముడున్నాడా? ఉంటే ఆ తమ్ముణ్ని దృష్టిలో పెట్టుకుని కొనండి.

అందరికీ ఒకటేనా, వేరువేరా అన్నది మీరు అడగలేదు గానీ అసలు గొడవంతా అక్కడే వస్తుంది. ఒక ఏడాది నేను ఒక్కో పిల్లాడికీ వాడికి నచ్చినది వెతికి వెతికి కొన్నాను. ఖర్చు దాదాపు సమానమే. అయినా సాయంత్రం తలుపు దగ్గర ఒక తండ్రి, "వాడికి బొమ్మ, మావాడికి పుస్తకమా?" అన్నాడు, సరదాగానే. ఆ సరదా మాట నన్ను నెల రోజులు తినేసింది. మొత్తం ఒకేలా ఇస్తే పది నెలల పాపకి పనికొచ్చేది ఆరేళ్లవాడికి పనికిరాదు. ఇప్పుడు నేను చేసేది ఏమిటంటే, మూడు జట్లు చేసి జట్టులో అందరికీ ఒకటే ఇస్తాను. బయటి సంచీ మాత్రం అందరికీ ఒకే గుడ్డతో కుట్టింది. తలుపు దగ్గర కనపడేది సంచీయే కాబట్టి పోలికలు అక్కడే ఆగిపోతాయి. ఒక్కో పిల్లాడికి నచ్చే రంగూ బొమ్మా జట్టు లోపల చూసుకోవచ్చు.

మీ లెక్క ప్రకారం ఏడాదిన్నరలోపు ఇద్దరు, రెండు నుంచి మూడేళ్ల వాళ్లు నలుగురు, నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లు ముగ్గురు. ఒక్కొక్కరి సంగతీ చూద్దాం.

చిన్నవాళ్లిద్దరికీ నేనైతే గుడ్డల డబ్బా ఇస్తాను. ఆ వయసులో పిల్లలకి లోపలున్నది బయటికి లాగడమంటే పిచ్చి, అందుకే మీ ఇంట్లో టిష్యూ డబ్బాలు బతకవు. పాత చీరలు రెండు మూడు తీయండి. ఒకటి మెత్తటి నూలుది, ఒకటి జారిపోయే సిల్కుది, ఒకటి కాస్త గరుకుది. జేబురుమాలంత ముక్కలు ఎనిమిది చేసి, ఫాల్ కుట్టే టైలరమ్మ చేత అంచులకి పీకో చేయించండి. జరీ, చమ్కీ ఉన్న ముక్కలు వద్దు, దారాలు ఊడి పిల్లల వేళ్లకి చుట్టుకుంటాయి. ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, దాని మూతికి ఎలాస్టిక్ వేసిన గుడ్డ తొడుగు కుట్టించి, మధ్యలో చెయ్యి పట్టేంత కంత పెట్టించండి. ఆ కంతలోంచి గుడ్డ లాగుతూ, మళ్లీ కుక్కుతూ పాప గంట గడిపేస్తుంది. డబ్బా, టైలరు కూలీ కలిపి నాకు కిందటేడాది తలకి నూటపది దాకా అయింది.

ఈ వయసుకి ఏటికొప్పాక గిలక్కాయ ఇంకా అందమైన కానుక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అంకుడు కర్రని తిప్పుతూ, లక్కలో ఆకుల, గింజల రంగులు కలిపి దానిమీద పట్టిస్తారు. మూలలు ఉండవు, అంతా నునుపుగా గుండ్రంగా ఉంటుంది. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఇలా భౌగోళిక గుర్తింపున్న బొమ్మలకి, నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి ఐఎస్ఐ మార్కు నిబంధన నుంచి మినహాయింపు ఉంది కాబట్టి ఆ గుర్తు కనపడలేదని కంగారుపడొద్దు. లేపాక్షి ఎంపోరియంలో అడగండి. అయితే మీ రెండు వేలలో ఇవి ఇద్దరికి మించి రావు, కొంటే ఈ ఇద్దరికే కొనండి. అక్కడే లక్కపిడతలు కూడా కనపడి మనసు లాగుతాయి, నాకూ లాగుతుంది. ఆ బుల్లి గిన్నెలూ గరిటెలూ చాలావరకు అట్టగొట్టంలో జారిపోతాయి, అయిదేళ్లు దాటినవాళ్లకి సరే.

కొండపల్లి బొమ్మలు ఇవ్వమని మీ ప్రశ్న కింద ఎవరో సలహా ఇచ్చారు. నాకు ఆ బొమ్మలంటే ప్రాణం, మా ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువులో ఏనుగు అంబారీ నలభై ఏళ్లుగా ఉంది. అది నలభై ఏళ్లుండడానికి కారణం దాన్ని పిల్లలు ముట్టుకోకపోవడమే. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికిస్తారు. రెండేళ్ల పిల్లాడి చేతిలో పూట ఆగదు. నిర్మల్ బొమ్మలదీ అదే కర్ర, అదే సంగతి. కొలువులో పెట్టుకునే బొమ్మ వేరు, కొరుక్కునే బొమ్మ వేరు.

రెండు, మూడేళ్ల నలుగురికీ పిండి ముద్దలు. బజారులో క్లే డబ్బాలు కొనే బదులు ఇంట్లో చేయండి. రెండు గ్లాసుల మైదా, అర గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, ఒక చెక్క నిమ్మరసం. మూకుడులో వేసి వేడి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ సన్నటి సెగ మీద కలపండి. పూరీ పిండి కంటే కాస్త మెత్తగా వచ్చి, గరిటెకి అంటకుండా ముద్దగా చుట్టుకుంటే దించేయండి. పచ్చి పిండి కంటే ఇలా ఉడికించిన పిండి మంచిది, పాడవకుండా ఫ్రిజ్‌లో వారం పది రోజులు ఉంటుంది. కేకుల్లో వేసే ఫుడ్ కలర్ ఒక్కో చుక్క వేస్తే చాలు. సహజంగా ఉండాలని నేనొకసారి పసుపు కలిపాను. ముద్ద బంగారంలా వచ్చింది. పండగయ్యాక ఒకావిడ ఫోటో పంపింది, వాళ్ల అత్తగారింటి కొత్త సోఫా, దాని మీద పదిహేను పసుపు వేళ్ల గుర్తులు. కింద ఒక్క అక్షరం రాయలేదు. ఇప్పుడు పసుపు వాడను.

ముద్దలు మూడు రంగులవి మూడు చిన్న డబ్బాల్లో పెట్టి, దాంతో ఒక చిన్న అప్పడాల కర్ర ఇవ్వండి. స్టీలు సామాన్ల కొట్లలో పిల్లల సైజువి దొరుకుతాయి. ఉప్పు ఎక్కువ కాబట్టి తినేది కాదని చీటీ మీద రాయండి, గోధుమ పడని పిల్లలుంటే ముందే కనుక్కోండి. నలుగురిలో ఒక్కరికి గోధుమ పడకపోయినా నలుగురికీ మానేసి, స్టీలు గిన్నెలూ మూత డబ్బా ఇచ్చేయండి.

ఈ ఆరుగురికీ, అంటే చిన్నవాళ్లిద్దరితో కలిపి, ఇంకొకటి చేర్చమంటాను. నాకు తెలిసినంతలో డబ్బుకి తగ్గ సంతోషం ఎక్కువిచ్చే కానుక ఇదే. ఫొటోల పుస్తకం. ఒక్కో పిల్లాడివీ ఆరు ఫొటోలు ప్రింటు తీయించి, రెండేసి వెనకా ముందూ అతికించి మూడు కార్డులు చేయండి. జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి, మూలలు గుండ్రంగా కత్తిరించి, ఒక పక్క కంతలు పెట్టి నూలు నాడాతో చిన్నగా ముడివేయండి. మా వీధిలో అంతా కలిపి ఒక పుస్తకానికి తొంభై దాకా పడుతోంది. ఏ ఫొటోలు అంటే, కెమెరా వైపు చూసి నవ్వినవి కాదు. వాడు పెరుగన్నం తింటున్నది, చెప్పులు వేసుకోవడానికి కుస్తీ పడుతున్నది, కిటికీలోంచి చెత్తబండి చూస్తున్నది, మీ ఆయా ఒళ్లో ఉన్నది. ఊళ్లో అమ్మమ్మ ఒళ్లో కూర్చుని వేలు పెట్టి చూపించడానికి మాటలు రాని పిల్లాడికి కూడా ఒక కబురుంటుంది. పక్క పిల్లలు ఫొటోలో పడితే వాళ్ల అమ్మానాన్నలని ముందే అడగాలి, అది మర్చిపోవద్దు. ఎవరైనా వద్దంటే కారణం అడక్కండి, ఇంకో ఫొటో తీసుకోండి.

నాలుగు నుంచి ఆరేళ్ల ముగ్గురికి పలక ఇవ్వండి. నవ్వకండి. ఇప్పటి పిల్లలకి ట్యాబ్ తెలుసు, పలక కొత్త. రాసింది తడిగుడ్డతో పోతుందని చూసి ఎంత ముచ్చటపడతారో. మార్కాపురం రాతి పలక దొరికితే తీసుకోండి, బస్సులో వెళ్లేవాళ్లకి మాత్రం కిందపడినా పగలని రేకుదో అట్టదో మేలు. బలపాలు ఇవ్వకండి, తినేస్తారు. మనమూ తిన్నాం, అయినా సరే వద్దు. బదులుగా లావుపాటి రంగు సుద్దలు ఒక డబ్బా, వాటితో చుక్కల ముగ్గుల కార్డులు నాలుగు. పాత క్యాలెండర్ అట్టల వెనక మీరే చుక్కలు పెట్టి గీయండి, అయిదు చుక్కలకి మించకుండా. భోగినాడు అమ్మా పెద్దమ్మా వాకిట్లో ముగ్గేస్తుంటే కాళ్లకి అడ్డం పడే పిల్లలకి ఒక మూల తమ ముగ్గు ఉంటుంది. రంగుల ముగ్గుపిండి పొట్లాలు మాత్రం సంచీలో పెట్టకండి, ఆ పొడి కళ్లలో, ముక్కులో పడుతుంది.

దాంతో ఒక తెలుగు పుస్తకం. ప్రథమ్ బుక్స్, తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేసేవి చాలా చవక, బొమ్మలు బాగుంటాయి. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన జరిగేటప్పుడు నేను ఏడాదికి సరిపడా కొనేస్తాను. చేతిలో డబ్బులు మరీ తక్కువైతే ప్రథమ్ వాళ్లదే స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు ఉంది, అందులో తెలుగు కథలు ఉచితంగా దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు, వాళ్ల లైసెన్సు దానికి ఒప్పుకుంటుంది. పన్నెండు పేజీల కథని కలర్ జిరాక్స్ తీయించి, పిన్నులు కొట్టకుండా మధ్యలో సూదీ దారంతో కుట్టండి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కూడా దొరుకుతాయి గానీ, ఒకేలాంటివి మూడు దొరకవు. జట్టులో అందరికీ ఒకటే అన్న రూలు అక్కడ దెబ్బతింటుంది. నుమాయిష్‌లో, అంటే నాంపల్లి ఎగ్జిబిషన్‌లో, కొందామని కొందరు ఆగుతారు. అది మొదలయ్యేదే జనవరి 1న, ఆ జనంలో పండక్కి రెండు వారాల ముందు తిరిగే ఓపిక మీకుంటే చూడండి, నాకు లేదు.

ఇక లెక్క. గుడ్డల డబ్బా నూటపది, ఫొటోలు తొంభై, ఇద్దరికి నాలుగు వందలు. పిండి ముద్దలూ డబ్బాలూ కర్రా కలిపి నూటఇరవై, ఫొటోలు తొంభై, నలుగురికి ఎనిమిది వందల నలభై. పలక, సుద్దలు, పుస్తకం రెండు వందలు, ముగ్గురికి ఆరు వందలు. మొత్తం 1,840. మిగిలిన నూటఅరవై సంచీల కుట్టు కూలీకి. సంచీలు కూడా పాత చీరవే. ప్లాస్టిక్ కవర్లూ రిబ్బన్లూ వద్దు. మూతి కట్టే నాడా జానెడు మించకూడదన్నది నా సొంత రూలు, మెడకి చుట్టుకోకుండా. మీ ఏరియాలో రేట్లు అటూ ఇటూ ఉండొచ్చు, పెరిగితే పుస్తకాన్ని ప్రింటుకి మార్చండి, ఫొటోలు మాత్రం తీసేయకండి.

చాక్లెట్ల సంగతి. ఆ తల్లులు మొహం మాడ్చుకోవడంలో తప్పేమీ లేదు. తినే వస్తువు ఇచ్చినప్పుడు ఎవరికి ఏది పడదో, ఎవరింట్లో ఏది తినరో అన్నీ మన నెత్తిన పడతాయి. అయిదేళ్లలోపు పిల్లలకి పల్లీలు, జీడిపప్పు గింజలుగా ఇవ్వడం ప్రమాదం కూడా. సకినాలూ అరిసెలూ ఇవ్వాలని మీకుంటే పెద్దవాళ్ల చేతికి విడిగా ఇవ్వండి, పిల్లల సంచీలో వద్దు. అన్నట్టు, మీరు డేకేర్‌లోనే భోగిపళ్లు పోద్దామనుకుంటున్నారా? చాలామంది పోస్తున్నారు ఇప్పుడు, ఫొటోలు బాగుంటాయని. పోయండి, తప్పకుండా పోయండి, కానీ బంతిపూల రెక్కలతో. రేగుపళ్లు, నానిన శనగలు, చిల్లర నాణేలు తొమ్మిది మంది మధ్యలో నేల మీద దొర్లితే ఏరడానికి మీకున్నవి రెండు చేతులే, వాళ్లవి పద్దెనిమిది.

పండగ పేరు గురించి. నేను సంచీ మీద సంక్రాంతి అనీ రాయను, క్రిస్టమస్ అనీ రాయను. 'సెలవుల కానుక' అని రాసి పిల్లాడి పేరు రాస్తాను. సెలవులకి ముందు చివరి పనిదినం సాయంత్రం అందరికీ ఒకేసారి ఇస్తాను. డిసెంబర్ 25కి ఒకరికి, సంక్రాంతికి ఒకరికి, రంజాన్‌కి ఒకరికి అంటూ విడగొట్టారంటే రెండో ఏడాదికే ఎవరో ఒకరిని మర్చిపోతారు. నేను మర్చిపోయాను. పండగ రోజుల్లో ఆ పిల్లల ఇంటికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పడం వేరే సంగతి, దానికి ఖర్చు లేదు. ముగ్గుల కార్డులు ఆ ముస్లిం కుటుంబానికి ఇబ్బందేమో అన్న అనుమానం వస్తే, వాళ్లమ్మని మామూలుగా అడిగేయండి. మా దగ్గర ఒకావిడ, "మా పాప మీ వాకిట్లో ముగ్గు చూసే రోజూ లోపలికొస్తుంది" అని నవ్వేసింది. వద్దనుంటే పువ్వుల చుక్కల బొమ్మలు గీసి ముగ్గురికీ అవే ఇచ్చేదాన్ని.

తల్లిదండ్రుల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. మీరు ఇవ్వగానే వాళ్లకి తిరిగివ్వాలనిపిస్తుంది. పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుల అలవాటు అందరికీ ఎక్కేసింది కదా. మూడు రోజుల ముందే వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టండి: "సెలవులకి ముందు పిల్లలకి ఇంట్లో చేసిన చిన్న కానుక ఇస్తున్నాం. దయచేసి తిరిగి ఏమీ తేవద్దు. మీ బాబుకి / పాపకి తినడానికి, తాకడానికి పడనివి ఏమైనా ఉంటే ఈలోపు చెప్పండి." ఈ ఒక్క మెసేజ్‌తో ఎలర్జీల సంగతీ తేలిపోతుంది. అయినా ఎవరైనా ఏదైనా తెస్తే, పిల్లల ముందు తీసుకోకండి.

పనులు ఏ వరసలో అంటే, ఈ వారం నోటుబుక్కు, ఫొటోలు. వచ్చే వారం టైలరు. పండగ ముందు జాకెట్ల రద్దీ మొదలైతే మీ పీకో ముక్కల మొహం ఎవరూ చూడరు, అందుకే టైలరు పని అంతకంటే వాయిదా వేయకండి. పిండి ముద్దలు చివరి రోజు పొద్దున చేయండి. ఇవ్వడానికి ముందు రోజు రాత్రి, పిల్లలెవరూ లేనప్పుడు, ఒక్కో వస్తువూ గట్టిగా లాగి, వంచి, అట్టగొట్టం పరీక్ష చేసి సంచీలో పెట్టండి.

మీ ఆయా గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. తొమ్మిది మందిని మీరొక్కరే చూడరు కదా. ఆవిడకి చీరో, డబ్బులో, ఈ రెండు వేలతో సంబంధం లేకుండా, పిల్లలకంటే రెండు రోజుల ముందే ఇచ్చేయండి. ఆవిడకి కూడా ఊరికి వెళ్లేముందు కొనుక్కోవాల్సినవి ఉంటాయి. ఇంకా, గుడ్డ ముక్కలు కుట్టించేటప్పుడు ఒక సంచీ ఎక్కువ కుట్టించండి. ఆ సాయంత్రం ఎవరో ఒకరు అక్కనో తమ్ముణ్నో వెంటబెట్టుకుని వస్తారు.